దీపం మారింది, గోడ సంగతి?

ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ రంగుల కొట్టుకు వెళితే కౌంటరు మీద ఒక లావుపాటి పుస్తకం తెరిచి పెడతారు. దాని నిండా రంగు ముక్కలే. వచ్చినవాళ్లు కనకాంబరం చూస్తారు, ఆనంద బ్లూ చూస్తారు, చిలకాకుపచ్చ దగ్గర కాసేపు ఆగుతారు. ఆఖరికి హాలుకు మాత్రం హాఫ్ వైటో, ఐవరీయో, బిస్కెట్ రంగో, గంధం రంగో రాయించుకుని బయటపడతారు. అంత పుస్తకం తిరగేసి ఇదా తేల్చింది అని నవ్వేవాళ్లున్నారు. ఈ ఎంపిక పిరికితనం కిందికి రాదని, కొల్లేటి చుట్టూ ఉన్న ఈ ప్రాంతానికి కాస్త పసుపో, కాస్త మట్టి ఛాయో కలిసిన లేత రంగే తగినదని నేను చెప్పదలచుకున్నాను. అయితే దాన్ని ఎంచుకునేవాళ్లు మామూలుగా చెప్పే కారణాలు, అంటే మాపు కనబడదు, ఏ సామానుకైనా నప్పుతుంది అనేవి, చిన్న కారణాలు. పెద్ద కారణం తెలియాలంటే గోడ మీంచి చూపు తిప్పి దీపం వైపు చూడాలి.

మన తాతల నాటి ఇంటి గోడ తెల్లనిది. గోదావరి జిల్లాల మండువా లోగిలి అయినా, సామాన్యుడి పెంకుటిల్లయినా పండగ ముందు సున్నం కొట్టేవారు. సున్నం పచ్చగా కనబడకుండా అందులో కాస్త నీలిమందు కలిపేవారు. అంటే ఆ తెలుపు నీలి జాడ ఉన్న చల్లని తెలుపు. మరి ఆ ఇళ్లు రాత్రిపూట వెలవెలబోయినట్టు ఎందుకుండేవి కావు? ఎందుకంటే ఆ గోడ మీద పడేది లాంతరు వెలుగు. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. ఆ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రబారుతుంది, పెరిగేకొద్దీ నీలం వైపు జరుగుతుంది. కిరసనాయిలు లాంతరు మంట ఇంచుమించు 1900 దగ్గర ఉంటుంది. కరెంటు వచ్చాక వైరుకు వేలాడిన పాత ఫిలమెంటు బల్బు 2700 దగ్గర. ఈ రెండింటి కిందా నీలి సున్నం కూడా మీగడ రంగులో కనబడేది. పైగా సున్నం పూత మెరవదు. గరుకుగా ఉండి వెలుగును అన్ని వైపులకూ మెత్తగా చెదరగొడుతుంది. గోడకు తనదంటూ వెచ్చదనం లేకపోయినా దీపం తెచ్చిపెట్టేది.

తర్వాత ట్యూబులైటు వచ్చింది. దాని వెనుక ఎల్ఈడీ వచ్చింది. 2015 జనవరిలో దేశవ్యాప్తంగా ఉజాలా పథకం మొదలయ్యాక చౌక ఎల్ఈడీ బల్బు పల్లెటూరి వంటింటి దాకా చేరింది. కరెంటు ఆదా విషయంలో దానికి వంక పెట్టలేం. కానీ మన ఇళ్లలో ఎక్కువగా వెలుగుతున్నవి తెల్లటి రకానివి, 6500 కెల్విన్లవి. అది పట్టపగటి వెలుగు రంగు. ఆ వెలుగును మనం రాత్రి ఎనిమిదింటికి గదిలో పోసుకుంటున్నాం. ఇంచుమించు అదే కాలంలో సున్నం పోయి, లప్పం పెట్టి నున్నగా రుద్దిన గోడ మీద ఎమల్షన్ వచ్చింది. చల్లని దీపం, నున్నని గోడ, దాని మీద మచ్చలేని తెలుపు. ఈ మూడూ కలిసిన గదిలో మనుషుల ముఖాలు పాలిపోయినట్టుంటాయి, అన్నం మీది పప్పు కూడా రుచి తగ్గినట్టు కనబడుతుంది. ఒకప్పుడు దీపం చేసిన పనిని ఇప్పుడు గోడ చేయాలి. నా వాదన అంతా ఈ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

గోడ రంగు గోడలోనే ఉంటుందన్నది మన భ్రమ. మన కన్ను దేన్ని తెలుపుగా ఎంచుకుంటే దాన్ని బట్టి మిగతా రంగులన్నీ మారతాయి. దీనికి ఖగోళశాస్త్రంలో ఒక తమాషా ఉదాహరణ ఉంది. 2002 జనవరిలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కార్ల్ గ్లేజ్‌బ్రూక్, ఐవన్ బాల్డ్రీ రెండు లక్షలకు పైగా గెలాక్సీల వెలుగును కలిపి సగటు తీసి, విశ్వం లేత ఆకుపచ్చ నీలంలో ఉందని ప్రకటించారు. పత్రికలు సంబరంగా అచ్చువేశాయి. రెండు నెలలు తిరక్కుండా వాళ్లే సవరించుకున్నారు. లెక్క చేసిన సాఫ్ట్‌వేరులో ఏది తెలుపు అన్న ప్రమాణం తప్పుగా ఉందట. సరిచేసి చూస్తే విశ్వం రంగు లేత బిస్కెట్ అని తేలింది. మన కొట్లలో అమ్ముడుపోయే రంగే విశ్వానిది కూడానని ఎవరైనా గర్వపడితే నాకు అభ్యంతరం లేదు. నాకు కావలసింది మాత్రం ఇంకో సంగతి: ఒకే వెలుగు, తెలుపు ప్రమాణం మారితే ఆకుపచ్చగానూ కనబడింది, బిస్కెట్‌గానూ కనబడింది. కొట్లో ట్యూబులైటు కింద చూసి నచ్చిన ముక్క ఇంటి గోడ మీద వేరే మనిషిలా ప్రవర్తించడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక ప్రశ్న రావడం న్యాయం. తప్పంతా బల్బుదైతే బల్బు మార్చుకుంటే పోదా, గోడకెందుకు ఖర్చు? ఈ మాటలో చాలా నిజం ఉంది. పడకగదిలో, హాల్లో సాయంత్రం వాడే దీపాలకు 2700 నుంచి 3000 కెల్విన్ల ఎల్ఈడీ పెట్టుకోవడం గోడకు రంగు వేయించడం కంటే ఎన్నో రెట్లు చౌక. డబ్బు ఒక్కదానికే ఉంటే బల్బే మార్చండి. మన ప్రాంతంలో దానికి ఇంకో లాభం కూడా ఉంది. వరిచేలు, చేపల చెరువులు చుట్టూ ఉన్న ఊళ్లలో వానాకాలం రాత్రి దీపం వేస్తే పురుగుల దండు దిగుతుంది. నీలం ఎక్కువున్న తెల్ల వెలుగుకు వచ్చినన్ని పురుగులు పసుపు వెలుగుకు రావు. కానీ బల్బుతో సగం పనే అవుతుంది. చదువుకునే బల్ల దగ్గర, వంటింట్లో చాలామందికి తెల్ల వెలుగే కావాలి. పైగా బల్బు రాత్రి సంగతి మాత్రమే చూస్తుంది. పగటికి గోడే దిక్కు.

పగటి వెలుగు దగ్గర ఇంగ్లీషు పుస్తకాలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. ఉత్తరపు గదికి ఎండ రాదు కాబట్టి వెచ్చని రంగు, దక్షిణపు గదికి చల్లని రంగు అని అవి చెబుతాయి. లండన్‌కు అది నిజం. ఏలూరు అక్షాంశం 16.7 డిగ్రీలు. మే మొదటి వారం దాటినప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. అంటే మండు వేసవిలో ఎండ మొగ్గేది ఉత్తరపు కిటికీ వైపు. మనకు అసలు తేడా తూర్పు పడమరల్లో ఉంది. పడమటి గదిలో సాయంత్రపు ఎండ నారింజ రంగులో వాలి పడుతుంది. అక్కడ ముదురు గంధం వేస్తే గోడ అంటుకున్నట్టుంటుంది, కాబట్టి మీగడ రంగుల్లో అన్నిటికంటే లేతది చాలు. తూర్పు, ఉత్తరపు గదులకు ఒక మెట్టు ముదురు తగుతుంది.

దిక్కుల కంటే కూడా ఇక్కడ చూసుకోవలసింది కిటికీ బయట ఏముంది అన్నది. కైకలూరు, ఆకివీడు, నిడమర్రు వైపు పల్లెల్లో బయట వరిచేనో, చేపల చెరువో ఉంటుంది. సార్వా, దాళ్వా రెండూ పండే చోట ఏడాదిలో చాలా నెలలు చుట్టూ పచ్చదనమే. పైరు మీద పడి ఇంట్లోకి వచ్చే వెలుగు తనతో ఆ ఆకుపచ్చను తెస్తుంది. చెరువు నీటి మీద పడి వచ్చేది కళ్లకు మిరుమిట్లు గొలుపుతుంది. స్వచ్ఛమైన తెల్ల గోడ ఈ రెండింటినీ ఉన్నదున్నట్టు తిప్పి కొడుతుంది. మంచి తెల్ల రంగు తన మీద పడ్డ వెలుగులో దాదాపు 85 శాతం వెనక్కి పంపుతుంది. మీగడ రంగు 70, 75 శాతం పంపుతుంది. గది చీకటి కాదు, కళ్లకు మాత్రం హాయి. ఆకుపచ్చ సంగతికి వస్తే, ఒట్టి పసుపు కలిసిన ఐవరీ ఆ వెలుగులో నిమ్మపండు ఛాయకు దిగుతుంది. చిటికెడు ఎర్రమన్ను జాడ ఉన్న మీగడ రంగు ఆ ఆకుపచ్చను విరిచేస్తుంది. డెల్టా పల్లెల్లో ఈ రెండోదే నా ఓటు. అదే ఎర్ర గచ్చు నేల ఉన్న పాత ఇల్లయితే లెక్క తిరగబడుతుంది. నేలే గోడ మీదికి ఎరుపు పంపుతుంది కాబట్టి అక్కడ పసుపు జాడ ఉన్నదే మేలు, లేకపోతే గది గులాబీ అవుతుంది.

ఎండలు 45 డిగ్రీలు తాకే ఊళ్లో వెచ్చని రంగేమిటి, తెలుపు చల్లన కదా అన్నది రెండో అభ్యంతరం. తెలుపు చల్లన అన్నది ఎండ నేరుగా తగిలే చోట పూర్తి నిజం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా అందుకే. డాబా పైకప్పుకు, పడమటి బయటి గోడకు తెల్ల పూత వేస్తే ఇంట్లో వేడి తగ్గుతుంది. ఆ పని తప్పక చేయండి. లోపలి గోడ మీద సూర్యుడు నిలబడడు. అక్కడ హాఫ్ వైట్ వేసినా తెలుపు వేసినా గదిలోని థర్మామీటరు ఒకే అంకె చూపిస్తుంది. వెచ్చదనం అని నేనంటున్నది కంటికి తెలిసేది, ఒంటికి తగిలేది కాదు.

మూడో అభ్యంతరం బలమైనది. ఈ రంగులు చచ్చుగా ఉంటాయి, మనది పసుపు కుంకుమల సంస్కృతి, ముగ్గులూ మామిడాకులూ ఉన్న గుమ్మం వెనక ఈ బిస్కెట్ గోడ ఏమిటి అని అడుగుతారు. పాత ఇంటిని సరిగ్గా గుర్తు తెచ్చుకుంటే జవాబు అందులోనే ఉంది. రంగు ఉన్నది గుమ్మానికి, గడపకు, తలుపుకు, జాజు పూసిన అరుగు అంచుకు. గోడ ఎప్పుడూ వెనక్కి తగ్గే ఉంది. ముదురు రంగు కొద్ది చోట, లేత రంగు ఎక్కువ చోట అనే ఆ పంపకం మనదే, కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫ్రాన్సులో లె కార్బూజియె 1925లో ఇంటి గోడ మీది కాగితాలూ బొమ్మలూ అన్నీ తీసేసి తెల్లని పూత వేయమని చట్టం చేసినంత పని చేశాడు. ఆయనకు గది ఖాళీగా ఉండడమే ఆదర్శం. మనకు ఖాళీ గది అవసరం లేదు. ఏలూరు తివాచీ ఒకటి పరిచి చూడండి. దాని ముదురు రంగులు మీగడ గోడ ముందు ఎలా నిలుస్తాయో, చిలకాకుపచ్చ గోడ ముందు ఎలా కొట్టుకుంటాయో తెలుస్తుంది. నరసాపురం లేసు పరదా తెల్లగోడ ముందు కనబడకుండా పోతుంది, గంధం రంగు ముందు అల్లిక కుట్టు కుట్టూ కనబడుతుంది. వాస్తు అంటారా, దిక్కుకొక రంగు చెప్పేవారిలో ఒకరి మాట ఒకరికి కలవదు. మీగడ రంగు వద్దన్నవారు మాత్రం అరుదు.

అయితే న్యూట్రల్ అన్న పేరుతో వచ్చే ప్రతిదాన్నీ నేను వెనకేసుకు రాను. పట్టణాల అపార్టుమెంట్లలో మొదలై ఇప్పుడు మన వైపు కూడా దిగుతున్న సిమెంటు రంగు, అంటే చల్లని బూడిద రంగు, నా లెక్కలో ఈ ప్రాంతానికి పొరపాటు ఎంపిక. ఆకుపచ్చ పగటి వెలుగూ, 6500 కెల్విన్ల రాత్రి వెలుగూ కలిసి దాన్ని నీరసంగా మారుస్తాయి. ముసురు పట్టిన శ్రావణంలో ఆ గదిలో కూర్చుంటే పగలే సాయంత్రం అయినట్టుంటుంది. గోడకు అంత డబ్బు పెట్టి పూత పూయించి, పూయని గోడలా కనబడేలా చేసుకోవడంలో ఆనందం ఏమిటో నాకు అంతుబట్టలేదు. ఇష్టమైనవారితో పేచీ లేదు.

మట్టి ఛాయ రంగులకు మన్నిక వైపు నుంచి కూడా ఒక బలం ఉంది. యంత్రంలో హాఫ్ వైట్ కలిపేటప్పుడు తెల్ల బేసులో పడే చుక్కలు చాలావరకు ఐరన్ ఆక్సైడులవి. పసుపు మన్ను, ఎర్ర మన్ను, నలుపు. జాజు కూడా ఈ కుటుంబానిదే. ఎండకు ఇవి వెలవవు. కొత్త సిమెంటు ప్లాస్టరులో ఉండే క్షారానికి కూడా తట్టుకుంటాయి. చాలా మెరుపు పసుపులూ, గులాబీలూ, ఊదాలూ సేంద్రియ రంగులు. ఎండ తగిలే గోడ మీద, సరిగా ఆరని ప్లాస్టరు మీద వాటిలో కొన్ని త్వరగా చెదిరిపోతాయి. మెరిసే పసుపు, నారింజ ఎనామెళ్లలో ఒకప్పుడు సీసం ఉండే లెడ్ క్రోమేట్ వాడేవారు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించరాదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి అంతకు ముందు వేసిన తలుపుల పాత రంగు గీకేటప్పుడు తడిపి గీకించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇంతా చెప్పి చెమ్మ మాట ఎత్తకపోతే కొల్లేటి వైపువాళ్లు నవ్వుతారు. 1999లో కొల్లేరు అభయారణ్యానికి హద్దు గీసింది సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు మీద. ఆ హద్దును ఆనుకుని ఉన్న ఊళ్లు ఎంత పల్లంలో ఉన్నాయో దీన్నిబట్టే ఊహించవచ్చు. భూగర్భ జలం పునాదికి దగ్గరగా ఉంటుంది. అది ఇటుకల గుండా పైకి పాకి, వెంట తెచ్చిన ఉప్పును గోడ మీద వదిలి ఆవిరవుతుంది. లప్పం పొంగుతుంది, పెచ్చులు ఊడతాయి, కింది మూడడుగుల్లో గోధుమ రంగు చారలు పడతాయి. తెల్లగోడ మీద ఆ చారలు కొట్టొచ్చినట్టు కనబడతాయి, బిస్కెట్ గోడ వాటిని కొంత కలుపుకుంటుంది. కానీ దాచడం వైద్యం కాదు. సున్నం గోడను ఊపిరి తీసుకోనిచ్చేది, ఎమల్షన్ పొర ఆ చెమ్మను లోపల బిగిస్తుంది. ఎంత ఖరీదు డబ్బా తెచ్చినా తడిగోడ మీద అది నిలవదు. ఇల్లు కట్టేటప్పుడే బేస్‌మెంటు ఎత్తు పెంచి, దాని మీద చెమ్మ ఆపే పొర వేయించాలి. పాత గోడకైతే పాడైన ప్లాస్టరు గీకించి, ఆరనిచ్చి, చెమ్మకు తట్టుకునే మందు పట్టించాక రంగు మాట. గోడ అడుగున మూడడుగుల మేర రెండు మెట్లు ముదురు మట్టి రంగు పట్టీ వేయడం పాత బడుల్లో, ఆసుపత్రుల్లో చూసే ఉంటారు. అది ఫ్యాషన్ పోయిందని తీసేశాం గానీ, పల్లపు ఊళ్లకు ఇప్పటికీ పనికొస్తుంది. చార పడినా ఆ పట్టీ వరకే మళ్లీ వేయించుకోవచ్చు. మెట్టకు వెళితే కథ వేరు. వెంకట్రామన్నగూడెం, నల్లజర్ల వైపు చెమ్మ తక్కువ, ఎర్రదుమ్ము ఎక్కువ. అక్కడ ఎరుపు జాడ ఉన్న గంధం రంగు దుమ్మును తనలో కలుపుకుంటుంది.

ఎంపిక చేసుకునేటప్పుడు కాగితపు ముక్కను నమ్మకండి. నచ్చిన రెండు మూడు రంగుల చిన్న డబ్బాలు తెచ్చి, రెండడుగుల చదరం చొప్పున రెండు కోటింగులు గోడ మీదే వేయించండి. ఒకటి కిటికీ పక్క గోడకు, ఒకటి కిటికీ ఎదుటి గోడకు. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి మీ ఇంటి బల్బు కింద చూడండి. సీలింగుకు మాత్రం తెలుపే ఉంచండి, వెలుగు కిందికి రావాలంటే అది కావాలి. గోడకు మెరుపు లేని మ్యాట్ రకం అడగండి. నున్నటి గోడ మీద ఆ పూత ఉంటేనే సున్నంలో ఉన్న మెత్తదనం కొంతైనా తిరిగి వస్తుంది.

ఒక్క విన్నపం. మనవాళ్లు రంగులు వేయించేది దసరాకో సంక్రాంతికో. కాలువలు నిండుగా పారుతూ, చేలల్లో నీళ్లు నిలిచి, డెల్టాలో గోడలు బాగా తడిసి ఉండే రోజులవి. వేసవిలో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, నేలలో నీటిమట్టం దిగుతుంది, గోడ ఏడాదిలో ఎన్నడూ లేనంతగా ఆరుతుంది. పండగకు గుమ్మాలకూ తలుపులకూ రంగు వేయించుకోండి. లోపలి గోడల పని మాత్రం కాలువలు కట్టేసిన తర్వాత, తొలకరి పడే లోపు పెట్టుకోండి.